విత్తనం దాసుకునుడు, కోడ్ పంచుకునుడు: ఈ నెల మీ ప్రశ్నలు, అక్క జవాబులు

పోయిన సంచికల కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ల స్వేచ్ఛ అంటే ఏంది అని రాసుకుంట పోయి, చివర్ల ఒక్క మాట అన్న, మన ఇంటి విత్తనానికి లైనక్స్‌కు (ఎవలైన తీసుకొని మార్చుకోగలిగే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్) చుట్టరికం ఉన్నది అని. మిగతాదంత పక్కకు పెట్టి ఆ ఒక్క మాట మీదనే ఉత్తరాలు మస్తు వచ్చినయ్. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్న. ఒకే తీరు ప్రశ్నలు ఉన్నకాడ ఒకటే వేసుకున్న, ఏమనుకోవద్దు.

అక్కా, నమస్తే. మాది పరకాల దిక్కు పల్లె, నేను హన్మకొండల బీటెక్ చదువుతున్న. కాలేజీల మేమంత లైనక్స్ వాడుతం. ఇంటికి పోతే మా నాన్న ప్రతి ఏడు పత్తి ప్యాకెట్లు కొనుడే. మా సీనియర్లు విత్తనం కూడ ఓపెన్ సోర్సే, అంటే లోపలిది అందరూ చూసి, మార్చి, పంచుకునేదే అంటరు. ఇది నిజంగ కుదిరే పోలికనా, వినటానికి బాగుందని అంటున్నరా?
– విద్యార్థి, హన్మకొండ

తమ్ముడూ, సగం దాకా మంచిగ కుదురుతది. ఎక్కడిదాకనో చూద్దాం.

1983ల రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్, అందరూ మార్చుకొని పంచుకునే సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు మొదలుపెడుతున్న అని ప్రకటించిండు. ఆ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వాళ్లు తర్వాత నాలుగు స్వేచ్ఛలు అని లెక్కగట్టిన్రు. ప్రోగ్రాంను ఏ పనికైన నడుపుకోవచ్చు, లోపల ఎట్లున్నదో చదివి మార్చుకోవచ్చు, కాపీలు తీసి పంచొచ్చు, నువ్వు మార్చినదాన్ని కూడ పంచొచ్చు. ఇప్పుడు మీ నాయనమ్మ కాలంల కంది విత్తనం సంగతి తీసుకో. ఏ చెల్కల వేసుకున్నా అడిగేటోడు లేడు, మంచిగ కాసిన చెట్టు చూసి దాని గింజ పక్కకు తీసేది, వియ్యపురాలు అడిగితే దోసెడు కొంగుల పోసేది, ఆమె తన నేలల నాలుగేండ్లు వేసి తన తీరుగ మలుపుకున్నంక ఇంకొకలకు ఇచ్చేది. నాలుగుకు నాలుగు ఉన్నయ్ కదా. లైసెన్స్ అనే కాయిదం ఒక్కటి లేకుండె, అంతే, ఎందుకంటే దాన్ని ఆపేటోడే లేకుండె కాబట్టి.

ఇప్పుడు ఆపేటోళ్లు వచ్చిన్రు గనక కాయిదం కూడ అవసరం పడ్డది. మన దేశంల అది 2001ల వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం. దాంట్ల 39వ సెక్షన్ ప్రతి రైతు తెలుసుకోవాలె. కంపెనీ రిజిస్టర్ చేసుకున్న రకమైనా సరే, రైతు తన పంటల నుంచి విత్తనం దాసుకోవచ్చు, వేసుకోవచ్చు, మళ్ల మళ్ల వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడ. ఒక్కటే కట్టుబాటు, ఆ రకం పేరేసి బ్రాండు సంచిల ప్యాక్ చేసి అమ్మొద్దు. ఈ సెక్షన్ ఉత్తగ పుస్తకంల పడి ఉన్నది కాదు. 2019ల గుజరాత్‌ల ఆలుగడ్డ రైతుల మీద పెప్సికో కంపెనీ కేసు వేసింది, తను రిజిస్టర్ చేసుకున్న చిప్స్ రకం పండిస్తున్నరని, నలుగురి మీద మనిషికి కోటి రూపాయలకు పైన నష్టపరిహారం అడిగింది. దేశమంత గోల అయినంక మే నెలల కేసులు వాపసు తీసుకున్నది. 2021ల ఆ రకం రిజిస్ట్రేషన్‌నే రద్దు చేసిన్రు, మళ్ల 2024 జనవరిల ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ రద్దును కొట్టేసింది. అయితే రిజిస్ట్రేషన్ కంపెనీ చేతికి తిరిగొచ్చినా 39వ సెక్షన్ ఎక్కడికీ పోలే, అది చట్టంల అట్లనే ఉన్నది.

మరి మీ నాన్న పత్తి? అక్కడ చట్టం వద్దంటలేదు, విత్తనమే వద్దంటది. మన దగ్గర 2002ల వచ్చిన, కాయ తొలిచే పురుగును తట్టుకునేందుకు చేసిన బీటీ పత్తి దాదాపు అంత హైబ్రిడ్ల రూపంలనే వచ్చింది. రెండు తల్లిదండ్రి రకాలను కలిపి తీసిన మొదటి తరం గింజ ప్యాకెట్ల ఉంటది. దాని పంటల నుంచి గింజ తీసి మరుసటేడు వేస్తే ఒక్కో చెట్టు ఒక్కో తీరు లేస్తది, ఎత్తు కలవది, కాయ కలవది, కొన్ని చెట్లల్ల బీటీ గుణమే ఉండది. మీ భాషల చెప్పాలంటే ప్యాకెట్ల ఉన్నది బైనరీ, నడుస్తది గని లోపల చదివి మార్చరాదు. సోర్స్ కోడ్ ఆ తల్లిదండ్రి రకాలు, అవి కంపెనీ దగ్గరనే ఉంటయ్.

ఇక్కడ ధర ముచ్చట కూడ చెప్పాలె, ఎందుకంటే చానామంది స్వేచ్ఛ అంటే పైసలు పడకపోవుడు అనుకుంటరు. 2006ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు బీటీ పత్తి ధర మీద ఎంఆర్‌టీపీ కమిషన్ (కంపెనీల గుత్తాధిపత్యాన్ని అరికట్టే అప్పటి సంస్థ) దాకా పోయి కొట్లాడింది, 450 గ్రాముల ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది, అంటే అంతకుముందు ఉన్న ధరల సగం కూడ కాదు. రైతులకు పెద్ద ఊరట, ఆ కొట్లాట చిన్నది కాదు. అయినా మరుసటేడు మళ్ల దుకాణానికి పోవుడు తప్పలే. ధర తగ్గింది గని తాళం అట్లనే ఉన్నది. అదే మన జగిత్యాల సన్నాలు, కూనారం సన్నాలు చూడు, అవి హైబ్రిడ్లు కావు, సూటి రకాలు. పైసలు పెట్టి ఒక్కసారి సంచి కొన్నా, ఆ తర్వాత నాలుగు పంటలు నీ ఇంటి గింజనే.

పోలిక కుదరని చోటు ఒకటున్నది, దాన్ని మీ సీనియర్లకు చెప్పు. ఫైలు కాపీ తీస్తే అసలు, నకలు ఒక్కతీరే, పదేండ్లు హార్డ్ డిస్కుల పెట్టినా చదువొస్తది. విత్తనం అట్ల కాదు, బతికున్నది. ఏడు తప్పి ఏడు అన్నా వేయకపోతే మొలక పోతది, పక్క చేను పుప్పొడి పడితే మారుతది, కేళీలు (చేన్ల కలిసిన వేరే రకం మొక్కలు) ఏరకపోతే మూడు నాలుగు పంటలకు రకమే కలగాపులగం అయితది. చట్టం ఇచ్చిన హక్కు మీ నాన్న పొలంల దిగి కేళీలు తీసిన రోజే హక్కు, ఆ పని తెలిసినోళ్లు ఊర్లె లేకుండ పోతే కాయిదం ఉండి ఏం చేస్తది.

మేం యాసంగిల కంపెనీకి ఆడమగ వరి పెడుతం. నేల నాది, నీళ్లు నావి, కష్టం మా ఇంటిల్లిపాదిది, గని గుప్పెడు గింజ ఇంట్ల పెట్టుకోవద్దంటరు. ఇది ఎక్కడి న్యాయం అమ్మా?
– రైతు, హుజూరాబాద్

అన్నా, మీ ఉత్తరం చదివి చాన సేపు ఆలోచన చేసిన. దేశంల హైబ్రిడ్ వరి విత్తనం ఎక్కువ పాలు మన పాత కరీంనగర్, వరంగల్ జిల్లాలల్లనే పండుతది, అంటే ఎక్కడో బీహార్‌ల రైతు చల్లే గింజ మీ మడిలకెల్లి పోయిందే అయ్యుండొచ్చు. అయినా మీ గింజ మీద మీ పేరుండది.

చదువుకునే పట్నపోళ్లకు తెల్వదు కాబట్టి ఆ పని జర చెప్తున్న. ఆడ సాళ్లు కొన్ని, మగ సాళ్లు కొన్ని, రెండూ ఒక్కసారే పూతకు రావాలె, అందుకే నార్లు వేరే వేరే తేదీలల్ల పోస్తరు. ఆడ వరి కంకి పొట్టల నుంచి పూర్తిగ బయటికి రాదు, దానికి జిబ్బరెల్లిక్ యాసిడ్ కొడుతరు. పూత విచ్చుకునే పొద్దుల, పది పదకొండు గంటల నడుమ, ఇద్దరు చెరో ఒడ్డున నిలబడి మడికి అడ్డంగ తాడు పట్టి లాక్కుంట పోతరు, మగ కంకుల పుప్పొడి దుమ్ము లేసి ఆడ కంకుల మీద పడాలె, ఎండల అదే మడి మళ్ల మళ్ల తిరగాలె, పూత ఉన్నన్ని దినాలు రోజూ. గాలి ఎక్కువైనా కష్టమే, అసలు లేకపోయినా కష్టమే.

ఇప్పుడు మీరు అడిగినదానికి. ఆ ఆడ, మగ మూల విత్తనం కంపెనీ మీకు ఒప్పందం మీద ఇచ్చింది, పంట మొత్తం వాపసు ఇయ్యాలని అందుల రాసుంటది. మీరు దుకాణంల కొనుక్కొని మీకోసం వేసుకున్న విత్తనానికి చెప్పే రైతు హక్కు వేరు, ఒప్పందం మీద కంపెనీ కోసం పండించేది వేరు, రెంటినీ కలిపి చూసుకొని గింజ పక్కకు పెడితే రేపు గొడవల మీరే పడుతరు. జీతానికి కోడ్ రాసే పిలగాండ్ల సంగతి కూడ ఇంతే, రాసింది వాళ్ల చేతులు, హక్కు కంపెనీది.

దాసుకున్నా లాభం లేదు అన్నది ఇంకో సంగతి. ఆడ వరి తనంత తను గింజ కట్టుకోలేదు, దాన్ని తరతరం నిలబెట్టేందుకు మూడో రకం ఒకటి ఉంటది, బీ లైన్ అంటరు, అది మీ ఊరి మడులకు రానే రాదు, కంపెనీ వాళ్ల మూల విత్తనం పొలాలల్లనే తిరుగుతది. మూడింట్ల రెండు మీ చేతులల్లకు వచ్చినా అసలుది రానట్టే.

న్యాయమా అంటరా, నా మనసుకైతే సగమే న్యాయం అనిపిస్తది. రకం తయారుచేసినోనికి హక్కు ఉండొచ్చు, కాదనను. అయితే ఒప్పందం కాపీ మీ చేతికి ఇయ్యకపోవుడు, ఇచ్చినా చదవరాని ఇంగ్లీషుల ఉండుడు, పూత కలవక దిగుబడి పోతే నష్టం మొత్తం మీ నెత్తిన పడుడు, ఇవి మాత్రం అన్యాయమే. నాట్లకు ముందే తెలుగుల రాసిన ఒప్పందం అడుగున్రి, కంపెనీ తరఫున ఊర్లెకు వచ్చే ఆర్గనైజర్ నోటిమాట మీద పోకున్రి. పంట పోతే ఎకరాకు ఎంత ఇస్తరో అందుల రాయించున్రి. ఒక్కలు అడిగితే వేరే రైతును చూసుకుంటరు, ఊరంత కలిసి అడిగితే తప్పించుకునుడు కష్టం, ఎందుకంటే చుట్టుపక్కల వేరే వరి లేని దూరం వాళ్లకు కావాలె, ఆ దూరం ఇచ్చేది మీ ఊరే.

అక్కా, మేము చపాటా మిర్చి పెడుతం, మా అత్తమ్మ కాలం నుంచి విత్తనం ఇంటిదే. జీఐ (ఫలాన ప్రాంతం సరుకు అనే భౌగోళిక గుర్తింపు) వచ్చింది అంటున్నరు. ఇగ మా విత్తనం మాకు కాకుండ పోతదా? ఎవలన్న వచ్చి పర్మిషన్ అడుగుతరా?
– గృహిణి, రైతు, నర్సంపేట దిక్కు

చెల్లె, పోదు. భయపడకు. వరంగల్ చపాటా మిర్చికి 2025ల జీఐ గుర్తింపు వచ్చింది, టమాట లెక్క గుండ్రంగ, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ ఉండే మన కాయకు అది రావాల్సిందే. జీఐ కాపాడేది పేరును. ఎక్కడో పండిన కాయకు వరంగల్ చపాటా అని పేరుపెట్టి అమ్మొద్దు, ఆ పేరు వాడుకునేందుకు ఇక్కడి రైతులు అధీకృత వినియోగదారులుగ నమోదు చేసుకోవాలె. విత్తనం తీసుడు, దాసుడు, చుట్టాలకు ఇచ్చుడు, వీటిని జీఐ ముట్టనే ముట్టదు.

సాఫ్ట్‌వేర్‌ల కూడ ఇట్లాంటి పంచాయితీ అయింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోడ్ ఎవరైన తీసుకొని మార్చుకోవచ్చు, గని పేరు, బొమ్మ దాన్ని తయారుచేసే మొజిల్లా వాళ్ల ట్రేడ్‌మార్క్. డెబియన్ అనే లైనక్స్ వాళ్లు తమ మార్పులు తాము చేసుకుంటం అన్నరు, అట్లయితే మా పేరు పెట్టొద్దు అన్నరు మొజిల్లా వాళ్లు, అందుకే 2006 నుంచి 2016 దాకా డెబియన్‌ల అదే బ్రౌజర్ ఐస్‌వీజల్ పేరు మీద నడిచింది. తర్వాత రాజీకి వచ్చిన్రు. కోడ్ స్వేచ్ఛ ఒక్కనాడు కూడ ఆగలే. పేరు మీద కాపలా ఉండుడు మంచిదే, తినేటోడు మోసపోడు.

నాకు భయం ఉన్నది వేరే దిక్కు. మిర్చి సొంత పూతతోని కాయ కట్టినా తేనెటీగలు, పురుగులు పక్క చేను పుప్పొడి మస్తు మోసుకొస్తయ్. మీ చపాటా పక్కనే హైబ్రిడ్ మిర్చి ఉంటే రెండు మూడేండ్లకు కాయ ఆకారం పోతది, రంగు పోతది. అందుకే విత్తనం కాయలు అంచు సాళ్ల నుంచి తీయకు, చేను నడుమ చెట్లు చూసి, వైరస్ ముడుత లేని వాటికి, కాయ అచ్చం మీ అత్తమ్మ పెట్టిన తీరు ఉన్న వాటికి ముందే దారం కట్టి పెట్టుకో. ఆ కాయలు చెట్టు మీదనే మంచిగ పండనియ్యి, నీడకు ఆరబెట్టు, కల్లంల మిగతా కాయతోని కలవనియ్యకు. చుట్టుపక్కల నాలుగిండ్లోళ్లు కలిసి ఒక చెక్క మొత్తం చపాటానే పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇంకో పని కూడ చేయొచ్చు, రైతు రకం కింద నమోదు. ఇందాక చెప్పిన 2001 చట్టం కిందనే రైతులు తమ పాత రకాన్ని రిజిస్టర్ చేసుకోవచ్చు, ఫీజు ఉండది. రేపు ఏ కంపెనన్న మీ రకం నుంచి కొత్త రకం తీసి రిజిస్టర్ చేయాలంటే మీ ఒప్పుకోలు కావాలె.

నాకు వరంగల్ చౌరస్తా దగ్గర డీటీపీ షాపున్నది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఫుకట్‌ల నడుస్తుంటే ఇగ ఓపెన్ సోర్స్‌తోని నాకేం పని?
– షాపు యజమాని

అన్నా, ఊర్లల్ల బీజీ-3 అని లూజుగ అమ్మే, గడ్డిమందు కొట్టినా చావని పత్తి విత్తనం చూసిన్రు కదా. దానికి అనుమతి లేదు, బిల్లు లేదు, మొలవకపోతే అడిగేందుకు మనిషి లేడు. తాళం పగలగొట్టి తెచ్చిన దాంట్ల స్వేచ్ఛ ఎక్కడున్నది, లోపల ఏమున్నదో మీరు చూడలేరు, మార్చలేరు, చెడిపోతే బాగుచేసేటోడు రాడు. మీ షాపుల పాత పెండ్లిపత్రికల ఫైళ్లు ఒకసారి తెరిచి చూడున్రి, యూనికోడ్ (ఏ కంప్యూటర్ల అయినా అక్షరాలు ఒక్కతీరే కనబడే పద్ధతి) కాని ఫాంట్లల్ల చేసినయి ఇంకో కంప్యూటర్ల పెడితే పిచ్చి గీతలు కనబడుతయ్, మీరు టైపు చేసిన తెలుగును మీరే వెతుక్కోలేరు. పక్క జిల్లాలనే పుట్టిన బమ్మెర పోతన పేరు మీద పోతన అనే యూనికోడ్ ఫాంటు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసి అందరికీ ఇచ్చిన్రు, రామభద్ర, మండలి లాంటివి కూడ ఓపెన్ లైసెన్స్ మీద దొరుకుతయ్. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, పేజీలు పేర్చే స్క్రైబస్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలు ఒక కంప్యూటర్ల వేసి చిన్న పనులు వాటి మీద చేసి చూడున్రి. అన్నీ ఒక్కరోజుల మార్చుమని అంటలేను.

అందరికీ అన్నీ ఇచ్చుకుంట పోతే రకం కనిపెట్టినోడు, కోడ్ రాసినోడు ఏం తినాలె? ఇంకోటి, మనం పంచింది ఎవడో కంపెనోడు తీసుకొని తాళమేసుకుంటే?
– డిగ్రీ విద్యార్థిని, జమ్మికుంట

రెండూ గట్టి ప్రశ్నలే చెల్లె. మొదటిదానికి జవాబు మన కండ్ల ముందటనే ఉన్నది. జగిత్యాల దగ్గర పొలాస, వరంగల్, కూనారం పరిశోధన స్థానాలల్ల వరి రకాలు తీసినోళ్లకు జీతం ప్రజల పైసలనుంచి వచ్చింది. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మీద పనిచేసేటోళ్లల్ల కూడ చానామంది జీతం తీసుకునేటోళ్లే, అందరూ ఉత్త పున్నానికి చేసేటోళ్లు కారు. ఓపెన్ సోర్స్ అమ్ముకోవద్దని ఎక్కడా లేదు, విత్తనం అమ్ముకోవద్దనీ లేదు. కొన్నోన్ని కట్టేయొద్దు, అంతే.

రెండోది ఇంకా లోతు. సాఫ్ట్‌వేరోళ్లు దీనికి 1989ల జీపీఎల్ అనే లైసెన్స్ తెచ్చిన్రు. నా కోడ్ తీసుకో, మార్చుకో, అయితే మార్చినదాన్ని వేరేవాళ్లకు ఇస్తే అదే హక్కులతోని ఇయ్యాలె అనే షరతు. కోడ్ రాయంగనే కాపీరైట్ పుడుతది, దాని మీద నిలబడి ఈ షరతు పెట్టగలిగిన్రు. విత్తనానికి కాపీరైట్ లేదు, మన పేటెంట్ చట్టం విత్తనాలకు, మొక్కలకు పేటెంట్ ఇయ్యొద్దని 3వ సెక్షన్‌లనే చెప్తది, అది మనకు మంచిదే. కాకపోతే జీపీఎల్ లాంటిది విత్తనానికి రాయాలంటే కింద నిలబడే గట్టి నేల దొరకది. అమెరికాల ఓపెన్ సోర్స్ సీడ్ ఇనిషియేటివ్ వాళ్లు లాయర్లతోని కొట్టుకొని కొట్టుకొని చివరికి లైసెన్స్ పక్కకు పెట్టి 2014ల ఒక ప్రమాణం రాసిన్రు, ఈ గింజ ఎట్లన్న వాడుకో, దీన్ని గని దీని పిల్లలను గని పేటెంట్‌తోనో ఇంకోదానితోనో కట్టేయను అని ఒప్పుకో, ఎవలకిచ్చినా ఈ మాట కలిపి ఇయ్యి అని. కోర్టుల ఎంత నిలుస్తదో గని నలుగురి ముందట ఇచ్చిన మాటకు బలం లేదని నేననను. మన దగ్గర హైదరాబాద్‌ల సుస్థిర వ్యవసాయ కేంద్రం కూడ ఓపెన్ సోర్స్ విత్తనాల పని చేస్తున్నది. జహీరాబాద్ దిక్కు డీడీఎస్ (దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘం అక్కలైతే ఈ మాటలేవీ వినకముందు నుంచే ఊరి విత్తన బ్యాంకులు నడుపుతున్నరు, గింజ తీసుకపోయినోళ్లు పంటకు ఎక్కువ కలిపి వాపసు ఇచ్చే పద్ధతిల. నాకు అన్నింటికంటె అది నచ్చుతది.

మా ఊరి మహిళా సంఘంల విత్తనాల మార్పిడి పెట్టాలనుకుంటున్నం. ఎట్ల మొదలుపెట్టాలె?
– సంఘం సభ్యురాలు, లింగాల ఘనపురం మండలం

మీ మండలంలనే ఎనబావి ఊరున్నది, మందులు ముట్టకుండ ఊరంత వ్యవసాయం చేసి పేరు తెచ్చుకున్నరు, ముందు ఒక పూట అక్కడికి పోయి మాట్లాడున్రి. మొదటి ఏడు కందులు, పెసర్లు, బెబ్బర్లు, అనుములు, సూటి రకం వడ్లు, వీటితోనే మొదలుపెట్టున్రి, హైబ్రిడ్ మక్కలు, పత్తి గింజలు తేవద్దని ముందే చెప్పున్రి. వడ్లయితే పక్క రకానికి కనీసం మూడు మీటర్ల ఎడం ఉన్న మడి నుంచి తీసినయే తీసుకోవాలె, బాగ ఎండినయి, కొరికితే టక్కుమని విరగాలె. తీసుకునే ముందు నూరు గింజలు తడి గోనెబట్టల చుట్టి పెట్టున్రి, వడ్లు ఎనభైకి తక్కువ మొలిస్తే విత్తనానికి వద్దు, తిండికి పోనియ్యున్రి. కందులు, పెసర్లకు బూడిద, ఎండిన వేపాకు కలిపి మూత గట్టిగ ఉన్న డబ్బాల పెట్టున్రి, పాత ఆనిగెపుకాయ బుర్ర ఉంటే అది కూడ మంచిదే.

ప్రతి సంచికి చీటీ కట్టున్రి. రకం పేరు, ఎవల చేన్ల పండింది, ఏ నేల, ఏ ఏడు, నూటికి ఎన్ని మొలిచినయ్. కింద ఇంకో రెండు ముక్కలు: ఈ గింజ వేసుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, దీన్ని ఇంకొకలకు కాకుండ కట్టేయొద్దు, ఇచ్చినప్పుడు ఈ చీటీ కూడ ఇయ్యాలె. రిజిస్టర్ ఒకటి పెట్టి చదువొచ్చిన పిల్లకు అప్పజెప్పున్రి. తీసుకున్నోళ్లు కిలోకు కిలోన్నర వాపసు అనుకుంటరో రెండు కిలోలు అనుకుంటరో మీరే కూసొని తేల్చుకోన్రి, వాన పడకముందే, రోహిణి కార్తెకు ముందు ఒక ఆదివారం చూసి.